దరువు కట్టినవాని పేరు

1986వ సంవత్సరమున మా సంఘపు యువజనులు ఎనిమిది క్రిస్మసు పాటలను క్యాసెట్టుగా వెలువరింపదలచిరి. ఆ పనికి నన్ను పెద్దగా నియమించిరి. పాటలు వ్రాసినవారు ఒకరు, బాణీలు కట్టినవారు వేరొకరు. పాడువారు ఆరుగురు, గిటారునకు ఒకరు, కీబోర్డునకు ఒకరు. డ్రమ్ములు వాయించుటకు ఒక కుర్రవాడు వచ్చుచుండెను. పగలంతయు సైకిలు మరమ్మతుల దుకాణములో పనిచేసి, చీకటి పడిన పిమ్మట చేతుల నూనెమరకలు కడుగుకొని, మందిరము వెనుకనున్న గదికి వచ్చువాడు.

ఆ ఎనిమిదింటిలో ఒక పాట ఎంత సాధన చేసినను కుదురలేదు. మాటలు బాగుండెను, రాగము బాగుండెను. అయినను రెండవ చరణమునకు వచ్చుసరికి పాడువారే అలసిపోవుచుండిరి. ఆ కుర్రవాడు మూడు రాత్రులు ఏమియు మాటలాడక వినెను. నాలుగవ రాత్రి, “అన్నయ్యగారూ, రెండో చరణంలో నేను కొట్టడం మానేస్తాను, ఎలా ఉంటుందో వినండి” అనెను. చరణము మొదలుకాగానే కర్రలు ప్రక్కన పెట్టెను. కాలితో మాత్రము, ఆవర్తమునకు ఒక్కమారు, పెద్ద డ్రమ్మును మెల్లగా తాకుచు వచ్చెను. పల్లవి తిరిగి వచ్చునప్పుడు కర్రలు అందుకొని తాళములను తెరచి మ్రోగించెను. పడియున్న పాట లేచి నిలిచెను. ఒక్క మాట మారలేదు, ఒక్క స్వరము మారలేదు. అయినను మేము వినినది వేరొక పాట.

క్యాసెట్టు అట్టమీద ముద్రింపవలసిన పేరుల పట్టికను వ్రాసినది నేనే. రచన, స్వరకల్పన, గానము, కీబోర్డు, గిటారు, అన్నియు వ్రాసితిని. కాగితము చిన్నది. అతని పేరునకు చోటు చాలలేదు. అచ్చు అయి వచ్చిన అట్టను చూపినప్పుడు అతడు నవ్వి, “ఫర్వాలేదు అన్నయ్యగారూ, పాట బాగా వచ్చింది కదా” అనెను. ఎంత వినయము గలవాడో చూడుడని నేను పదిమందితో చెప్పితిని. అతని వినయమును పొగడుచు నా తప్పును కప్పుకొనుచున్నానని ఆనాడు నాకు తోచలేదు.

ఈ వ్యాసమునకు మూలమైన ప్రశ్న అచ్చట పుట్టినది. పాటకు దరువు కట్టినవాడు ఆ పాటను చేసినవారిలో ఒకడా, లేక వాయించి కూలి పుచ్చుకొని పోవువాడు మాత్రమేనా? అతడు అడుగక ఊరకున్నచో, మనము ఇయ్యవలసినది ఇయ్యకుండుట న్యాయమగునా?

డ్రమ్ముల ముందు కూర్చుండువాడు చేయు పనిని మనలో అనేకులము సరిగా ఎరుగము. కుడికాలి క్రింద పెద్ద డ్రమ్ము. ఎడమకాలి క్రింద హై-హాట్ అను జంట తాళములు. మోకాళ్ల నడుమ అడుగున తీగలు బిగించిన స్నేర్ డ్రమ్ము. చుట్టును టామ్ డ్రమ్ములు, వాటిపైన పెద్ద తాళములు. రెండు చేతులును రెండు కాళ్లును నాలుగు వేరువేరు పనులు చేయవలెను. ఇది నేర్పు. కాని నేర్పు వేరు, కూర్పు వేరు. క్రొత్త పాట వచ్చినప్పుడు చాల బృందములలో అతని చేతికి వ్రాసి యిచ్చునది ఏమియు ఉండదు. పాట చేసినవాడు గిటారు మీద పాడి వినిపించును. తక్కినది అతడే కనుగొనవలెను. గాయకుడు ఎచ్చట ఊపిరి తీయుచున్నాడో, ఏ మాటమీద బరువు మోపుచున్నాడో మొదట వినవలెను. పిమ్మట బాస్ గిటారును వినవలెను. పెద్ద డ్రమ్మును బాస్ గిటారును కలిసి నడువనిచో పాటకు కాలు మోపుటకు నేల ఉండదు. చరణమునకును పల్లవికిని భేదము చూపుటకు తాళములను మూసి వాయించుటయా, తెరచి వాయించుటయా అని నిర్ణయింపవలెను. ఒక భాగమునుండి మరియొక భాగమునకు దాటునప్పుడు వినువానిని చేయిపట్టి దాటించు చిన్న ముక్తాయింపు కూర్పవలెను. తుదకు, ఎచ్చట వాయింపకూడదో తెలిసికొనవలెను. అన్నిటికంటె కష్టమైనది ఇదియే.

మన కచేరీలలో మృదంగ విద్వాంసులను వినినవారికి ఇది వింతగా తోచదు. కృతికి సాహిత్యమును స్వరమును వ్రాసియుండును గాని మృదంగమునకు పాఠము వ్రాసియుండదు. ఏ సంగతిని మోయవలెనో, ఏ సంగతి వెనుక తగ్గి నిలువవలెనో ఆయన వివేకమునకే విడువబడును. తని ఆవర్తనములో ఆయన విద్య తెలియును. కృతి వెంట నడచుటలో ఆయన సంస్కారము తెలియును.

పాశ్చాత్య బృందములలో పేరొందిన కొందరి పనిని చూచినను ఇదే కనబడును. బీటిల్స్ బృందములో 1962లో చేరిన రింగో స్టార్ ఎడమచేతివాటము గలవాడు. కాని కుడిచేతివారికై అమర్చిన డ్రమ్ములనే వాయించెను. అందువలన అతని ముక్తాయింపులు ఇతరులకు సులువుగా పట్టుపడని తీరున నడచును. 1969లో వెలువడిన ‘కమ్ టుగెదర్’ పాటను ఎరిగినవారు, మాటలు మొదలు కాకమునుపే టామ్ డ్రమ్ములమీద దొరలు ఆ దరువునుబట్టి పాటను గుర్తింతురు. రచయితల పేరులు మాత్రము లెనన్, మెకార్ట్నీ. రోలింగ్ స్టోన్స్ బృందమునకు 2021లో తాను మరణించువరకు డ్రమ్ములు వాయించిన చార్లీ వాట్స్, స్నేర్ డ్రమ్మును కొట్టు క్షణమున హై-హాట్ మీదనుండి చేతిని తొలగించువాడు. ఒక దెబ్బను విడుచుటవలన మరియొక దెబ్బకు చోటు దొరకెను. ఆ బృందపు నడకలోని విశాలత కొంత ఆ విడిచిన దెబ్బలో ఉన్నది. 1975లో పాల్ సైమన్ వెలువరించిన ‘ఫిఫ్టీ వేస్ టు లీవ్ యువర్ లవర్’ పాటకు స్టీవ్ గాడ్ కట్టిన దరువు, కవాతు డ్రమ్ముల సాధనను తలపించు సన్నని అల్లిక. ఆ అల్లికను తీసివేసినచో చరణము సగమై మిగులును.

వీటినిబట్టి ఒక సంగతి స్పష్టము. దరువు పాటకు తొడిగిన చొక్కా కాదు, పాటలోని ఎముక. ఎముక పైకి కనబడదు గనుక అది లేదనుకొందుము.

కనబడనిదానిని లెక్కింపకుండుట మనకే కాదు, చట్టమునకును అలవాటాయెను. 1957వ సంవత్సరపు మన కాపీరైటు చట్టము మొదట సంగీతకృతికి చెప్పిన అర్థములో స్వరధారయు స్వరసమ్మేళనమును మాత్రమే ఉండెను. అదియు వ్రాతలోగాని అచ్చులోగాని పెట్టబడియుండవలెను. దరువునకు స్వరధార లేదు, స్వరసమ్మేళనము లేదు, సాధారణముగా వ్రాతయు లేదు. అనగా ఆ నిర్వచనపు వాకిటనే అది నిలిచిపోయెను. వాయించువారికిని పాడువారికిని కూడ ఆ చట్టములో హక్కు చెప్పబడలేదు. 1977లో సుప్రీము కోర్టు విచారించిన ఒక వ్యాజ్యపు తీర్పులో న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు ఈ లోపమును ఎత్తిచూపెను. 1994 సవరణతో సంగీతకృతి యొక్క అర్థము విశాలమై వ్రాత అవసరము పోయెను. ప్రదర్శకులకు ప్రత్యేకమైన హక్కు కలిగెను. 2012 సవరణతో, తన ప్రదర్శనకు తన పేరు చెప్పబడవలెనని కోరు హక్కును ప్రదర్శకునికి చట్టము ఇచ్చెను. చట్టము ఇంతదూరము నడచుటకు యాబదియైదు ఏండ్లు పట్టెను. మనస్సాక్షి అంతకాలము వేచియుండ నవసరము లేదు.

వేచియుండుట వలన ఏమి జరుగునో తెలిసికొనుటకు ఒక పాట కథ చాలును. ఆ పాట పేరులో మన ప్రార్థనల తుదిమాట ఉన్నది. జెస్టర్ హెయిర్‌స్టన్ 1963లో ఒక చలనచిత్రము కొరకు ‘ఆమేన్’ అను గీతమును కూర్చెను. అమెరికాలోని విన్‌స్టన్స్ అను బృందము ఆ గీతము ఆధారముగా, మాటలు లేకుండ వాద్యములతోనే, ‘ఆమేన్, బ్రదర్’ అను పాటను 1969లో రికార్డు చేసెను. రికార్డునకు ముందువైపు ‘కలర్ హిమ్ ఫాదర్’. ఇది వెనుకవైపు పాట. ముందువైపు పాటకు దాని రచయితయు బృందనాయకుడునైన రిచర్డ్ స్పెన్సర్‌కు 1970లో గ్రామీ బహుమానము వచ్చెను. వెనుకవైపు పాటను ఎవరును అంతగా తలచలేదు.

అయితే ఆ పాట నడుమ తక్కిన వాద్యములన్నియు ఆగిపోవును. గ్రెగరీ కోల్‌మన్ అను డ్రమ్మరు ఒంటరిగా నాలుగు ఆవర్తములు వాయించును. మొదటి రెండింటిలో అంతవరకు నడచిన దరువే. మూడవదానిలో స్నేర్ దెబ్బ ఒకటి ఒక క్షణము ఆలస్యముగా పడును. నాలుగవదాని తొలి మాత్రను అతడు ఖాళీగా విడుచును. పిమ్మట ఎదురుతాళముగా నడచి, పెద్ద తాళమును మనము ఎదురుచూచు క్షణమునకు ముందే మ్రోగించును. అంతయు కలిసి సుమారు ఏడు సెకండ్లు.

1980లలో పాత రికార్డులనుండి ముక్కలను ఎత్తి క్రొత్త పాటలు కట్టు యంత్రములు వచ్చినప్పుడు, ఆ ఏడు సెకండ్లు అందరి చేతికిని చిక్కెను. అమెరికాలోని హిప్-హాప్ పాటలలో అవి వినబడెను. 1990లలో ఇంగ్లండులో జంగిల్, డ్రమ్ అండ్ బాస్ అను క్రొత్త సంగీతరీతులు వాటిమీద లేచెను. వాటిని వాడుకొనిన రికార్డులు వేలకొలది. స్పెన్సర్‌కు ఈ సంగతి 1996లో గాని తెలియలేదు. అప్పటికి వ్యాజ్యము వేయు గడువు దాటిపోయెను. 2015లో ఇంగ్లండులోని శ్రోతలు తమంతట తాము చందాలు వేసికొని 24,000 పౌండ్లు కూర్చి, కృతజ్ఞతగా స్పెన్సర్‌కు అందజేసిరి. వారి మనస్సు మంచిది. కాని ఆ ఏడు సెకండ్లను వాయించిన కోల్‌మన్ అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే, 2006లో, ఇల్లు వాకిలి లేక పేదరికములో మరణించెను. ఆ దరువు మూలముగా అతనికి ఒక్క కాసు చేరలేదు. తన చేతులు లోకములో ఎచ్చటెచ్చట మ్రోగుచున్నవో అతనికి తెలిసియుండదని స్పెన్సర్ తలంచెను.

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కథయు దీనికి చుట్టమే. చట్టనూగాలో కర్మాగారముల చప్పుడును రైళ్ల చప్పుడును వినుచు పెరిగి, ఆ లయలను డ్రమ్ములమీదికి తెచ్చినవాడు. జేమ్స్ బ్రౌన్ బృందములో అతడు వాయించిన ‘ఫంకీ డ్రమ్మర్’ 1969లో రికార్డయి 1970లో వెలువడెను. పేరే డ్రమ్మరు పేరు. కాని కర్తగా వ్రాయబడినది జేమ్స్ బ్రౌన్ ఒక్కడే. ఆ దరువును ఎత్తి వాడుకొనిన పాటలు అసంఖ్యాకములు. 2017లో స్టబుల్‌ఫీల్డ్ మరణించెను. అడుగక, చెల్లింపక వాడుకొనుట గౌరవలోపమని అతడు తన కడపటి సంవత్సరములలో చెప్పుచుండెను. అది పగతో పలికిన మాట కాదు. కొలిచి పలికిన మాట.

ఇక ప్రతిపక్షము వారి మాటయు వినవలెను. అది తేలికైన మాట కాదు. మొదట వారందురు: డ్రమ్ములు లేకుండ పాటను పాడవచ్చును, రాగము లేకుండ పాడలేము, కావున పాట రాగకర్తదే. రెండవది: వాయించినవానికి ఆనాటి కూలి ఇచ్చిరి, కూలి పుచ్చుకొనినవాడు మరల వాటా అడుగుట ఎట్లు? మూడవది: దరువులు అందరి సొత్తు, ఏ డ్రమ్మరైనను తనకు ముందున్నవారిని విని నేర్చినవాడే, ఒక్కొక్క దరువునకు గోడ కట్టినచో రేపు పిల్లలు దేనిని వాయింతురు?

మూడవ మాటలో చాల సత్యమున్నది. లయ పూర్వులు మనకు విడిచిన ఊరి చెరువు వంటిది. దానికి తాళము వేయరాదు. అయితే చెరువునీటిని అందరును త్రాగవచ్చుననుట వేరు, ఒకడు మోసికొని వచ్చి ఇంటిలో పోసిన బిందెను చూచి నీవేమియు చేయలేదనుట వేరు. నేర్చుకొనుట వేరు, ఒకని చేతిచప్పుడునే ఎత్తుకొని పోవుట వేరు. రెండవ మాటకు సమాధానము కోల్‌మన్ జీవితమే ఇచ్చుచున్నది. కూలి నాటి పనికి ఇచ్చినది. ఆ పని అర్ధశతాబ్దము ఫలించునని ఇచ్చినవానికిని తెలియదు, పుచ్చుకొనినవానికిని తెలియదు. తెలియక కుదిరిన బేరమును తెలిసిన పిమ్మటయు పట్టుకొని కూర్చుండుట చట్టమునకు చాలవచ్చును, నీతికి చాలదు. మొదటి మాట విషయమై నా క్యాసెట్టు పాటనే సాక్షిగా పిలిచెదను. అతడు లేకుండ ఆ పాటను పాడవచ్చును. మేము మూడు రాత్రులు పాడితిమి. ఎవరికిని వినవలెననిపించలేదు.

అందరును ఒకే కొలతను పాటింపవలెనని నేను చెప్పను. కొన్ని బృందములు తమలో తాము దారి కనుగొనినవి. క్వీన్ బృందము 1989లో ‘ది మిరాకిల్’ మొదలుకొని పాటలన్నిటిని నలుగురి ఉమ్మడి పేరుతో వ్రాయసాగెను. ఆర్. ఇ. ఎం. అను అమెరికా బృందము మొదటినుండియు పాటలను నలుగురి పేరనే ప్రకటించెను. ఆ బృందపు ‘ఎవ్రిబడీ హర్ట్స్’ అను 1992 నాటి పాటను చాలవరకు కూర్చినది డ్రమ్మరైన బిల్ బెర్రీ. కాని దాని తొలిభాగమున అతని చేతులు వినబడవు. ఒక చవుకరకపు దరువు యంత్రము నిదానముగా కొట్టుకొనుచుండును. దుఃఖములో నున్నవానిని ఓదార్చు ఆ పాటకు అంతకంటె ఎక్కువ తగదని వారు తలంచిరి. తన పాటలో తన వాద్యమునే వెనుకకు ఉంచుట తగ్గింపు. అయినను కర్తలలో అతని పేరు ఉన్నది. అతడు తగ్గెను, తక్కినవారు అతనిని తగ్గింపలేదు.

ప్రియ చదువరీ, నేను చెప్పదలచినదంతయు ఆ రెండు మాటల నడుమ ఉన్నది. దరువు కట్టువానికి తగ్గుట మొదటి ధర్మము. తన నేర్పు చూపుకొనుటకై పాటను త్రొక్కువాడు మంచి డ్రమ్మరు కాడు. మాట వినబడవలసినచోట కర్రను ఆపలేనివాడు పాటకు శత్రువు. ఇది అతడు తన చేతులకు నేర్పుకొనవలసిన వినయము. కాని ఆ వినయమును ఇచ్చువాడు అతడు. దానిని వసూలు చేయు అధికారము మనకు లేదు. ఒకడు తన రొట్టెను ఇచ్చినచో దానము. అతడు ఇచ్చునని తలంచి మనమే తీసికొనినచో దొంగతనము. ఒకడు తన పేరును వెనుక నిలుపుకొనినచో సుగుణము. అతడు ఏమియు అనడని మనమే చెరిపివేసినచో అన్యాయము. బయటికి రెండును ఒకే రీతిగా కనబడును: పట్టికలో ఒక పేరు లేదు. లోపల వాటి నడుమ ఆకాశమునకును భూమికిని ఉన్నంత దూరము.

ఈ విషయములో మన పరిశుద్ధ గ్రంథము మనకంటె జాగ్రత్తగా పట్టికలు వ్రాసినది. దినవృత్తాంతముల మొదటి గ్రంథము పదునైదవ అధ్యాయములో, మందసమును తెచ్చునప్పుడు లోహపు తాళములను మ్రోగించుటకు నియమింపబడినవారి పేరులు వ్రాయబడియున్నవి: హేమాను, ఆసాపు, ఏతాను. తాళములు కొట్టినవారి పేరులు! ఆ ఆసాపు పేరే పండ్రెండు కీర్తనల శీర్షికలలోను నిలిచియున్నది. తాళము పట్టిన చేయియు పాట కట్టిన చేయియు ఒకటే కావచ్చునని ఆ గ్రంథకర్తకు సందేహము లేదు. ఇరువదియైదవ అధ్యాయము గాయకులను వాద్యకారులను లెక్కించి, 288 మందియని తేల్చి, పిన్నపెద్దల భేదము లేక వారి వంతులకు చీట్లు వేసిరని చెప్పును. అట్టి అధ్యాయములను మనము వేగముగా దాటిపోవుదుము. పేరు విడువబడినవాడు మాత్రము వాటిని నిదానముగా చదువును.

కొంతకాలము క్రిందట మా సంఘపు పిల్లలు ఆ పాత క్యాసెట్టును కంప్యూటరులోనికి ఎక్కించిరి. రెండవ చరణము దగ్గర ఒక బాలుడు తలయెత్తి, “డ్రమ్స్ ఎవరు వాయించారు తాతగారూ?” అని అడిగెను. చెప్పబోయి ఆగిపోతిని. మేము పిలుచుకొను ముద్దుపేరు తప్ప అతని నిండుపేరు నాకు జ్ఞాపకము రాలేదు. ఆరు వారములు ప్రతిరాత్రి ఒకే గదిలో కూర్చుంటిమి, అతని చేతుల నూనెమరకలు జ్ఞాపకమున్నవి, పేరు లేదు. ముప్పది అయిదు ఏండ్లకు పైగా నా దగ్గర నిలువ ఉన్న అప్పు ఎంతదో అప్పుడు తెలిసెను.

మరునాడు మందిరమునకు పోయి పాత సభ్యుల రిజిస్టరు తీయించితిని. రెండు గంటలు వెదకగా, తండ్రి పేరును వీధి పేరును బట్టి దొరికెను. ఇంటిపేరుతోసహా వ్రాసికొని వచ్చి పిల్లలకు ఇచ్చితిని. ఇప్పుడు ఆ పాటల పట్టికలో, స్వరకల్పన అను మాటకు దిగువ, ‘దరువు’ అను మాట యొకటి చేరెను. దాని ఎదుట అతని పేరు ఉన్నది. అతడు బ్రతుకుతెరువునకై ఏ ఊరు పోయెనో, ఈ సంగతి ఏనాటికైన అతనికి తెలియునో లేదో నేనెరుగను. ఇంకను వెదకుచున్నాను. మీ సంఘములోనో, మీ యింటనో, మీరు పనిచేయు చోటనో, “ఫర్వాలేదు” అని నవ్వి ఊరకున్నవాడు ఒకడు ఉండును. అతని పేరు జ్ఞాపకమున్నప్పుడే వ్రాయుడు.